ఎదురుగాలికి ముందెవరు?

పిల్లలూ! మీలో సైకిలు తొక్కటం రానివాళ్ళు తక్కువగానే ఉంటారు. అయినా ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పండి చూద్దాం.

నలుగురు ఆడపిల్లలు సైకిళ్ళ మీద ఒకరి వెనక ఒకరు పోతున్నారు. నలుగురిదీ ఒకే వయసు, ఒకే బలం. నాలుగు సైకిళ్ళూ ఒకే రకం. అందరూ ఒకే వేగంతో తొక్కుతున్నారు. కాని అరగంట గడిచేసరికి ముందున్న పిల్ల రొప్పుతున్నది, వెనక ముగ్గురూ తీరుబడిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎందుచేత?

“ముందున్న పిల్ల గాలిని తోసుకుంటూ పోతున్నది గనక” అని ఎవరైనా అన్నారా? అయితే ఈ నెల మనం చెప్పుకోబోయే సంగతిలో సగం మీకు తెలిసినట్టే. మిగిలిన సగం ఏమిటంటే, గుంపును వదిలేసి ఒంటరిగా ముందుకు దూకిన మనిషి, ఆ గాలినంతా తానే తోసుకుంటూ పోయి కూడా పందెం ఎలా గెలవగలుగుతుంది అన్నది.

ముందు గాలి సంగతి చూద్దాం. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శ్రీముఖలింగం అనే ఊరున్నది గదా. ఒకప్పటి తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు చెబుతారు. శివరాత్రి ఉత్సవాలలో అక్కడ చక్రతీర్థ స్నానం జరుగుతుంది. మన జిల్లాల నుంచే గాక ఒడిశా నుంచి కూడా జనం వచ్చిపడతారు. ఆ తిరనాళ్ళలో ఏటికి పోవాలంటే మీరేం చేస్తారు? నాన్న వెనక దూరి, ఆయన పంచెకొంగు పట్టుకుని నడుస్తారు. జనాన్ని తప్పించుకుంటూ దారి చేసే శ్రమ అంతా నాన్నది. ఆయన చేసిన దారిన మీరు సుఖంగా పోతారు.

గాలి కూడా జనం లాటిదే. కంటికి కనపడదు గాని, అదీ ఒక పదార్థమే. దాన్ని పక్కలకు నెట్టకుండా మనం ముందుకు పోలేం. నెమ్మదిగా నడిచేటప్పుడు ఈ సంగతి మనకు తెలియదు. సైకిలు వేగం పెంచిన కొద్దీ తెలుస్తుంది. వేగం రెండింతలైతే గాలి వేసే అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది! పైగా ఆ నాలుగింతల అడ్డును రెండింతల వేగంతో తోయాలి. అందుచేత గాలి కోసం కాళ్ళు పెట్టవలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. చదునైన రోడ్డు మీద పందెం వేగంతో పోయేవారి శక్తిలో చాలా భాగం ఈ గాలికే ఖర్చయిపోతుంది.

ముందు సైకిలుకు దగ్గరగా తొక్కేవారికి ఈ శ్రమలో పావువంతు మొదలు మూడోవంతు దాకా కలిసివస్తుంది. పెద్ద గుంపులో అయితే ఇంకా లాభం. 2018లో నెదర్లాండ్సులోని ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 121 మంది సైకిలిస్టుల గుంపును బొమ్మలతో గాలి సొరంగంలోనూ, లెక్కలతో కంప్యూటరులోనూ పరీక్షించారు. గుంపు నడుమా వెనకా ఉన్నవారిలో కొందరికి తగిలే గాలి అడ్డు, ఒంటరిగా పోయేవారికి తగిలే దానిలో నూటికి 5 నుంచి 10 పాళ్ళు మాత్రమేనని తేలింది!

ఇది మనుషులు కొత్తగా కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటేటా వచ్చే పెలికాన్ పక్షులను చూశారా? అవి తరచు బారులు తీరి ఎగురుతాయి. 2001లో కొందరు శాస్త్రజ్ఞులు పెలికాన్లకు చిన్న పరికరాలు కట్టి చూస్తే, బారులో ఎగిరేటప్పుడు వాటి గుండె, ఒంటరిగా ఎగిరేటప్పటికన్న నెమ్మదిగా కొట్టుకున్నది. పక్షుల విషయంలో కారణం కాస్త వేరు. ముందు పక్షి రెక్కల చివర లేచే గాలిసుడి వెనకదానికి ఊతమిస్తుంది. కాని నీతి ఒకటే: కలిసి పోయేవారికి శ్రమ తక్కువ.

ఇక పందేల సంగతి. సైకిలు పందేలలో అన్నిటికన్న కష్టమైనవి అంచెల పందేలు. అవి ఒక్క రోజులో ముగియవు. ఈ రోజు ఒక ఊరి నుంచి మరొక ఊరికి, రేపు అక్కడి నుంచి ఇంకొక చోటికి, ఇలా రోజుల తరబడి సాగుతాయి. ప్రతి అంచెకూ ఎవరికెంత కాలం పట్టిందో రాసి, అన్నీ కూడుతారు. మొత్తం ఎవరికి తక్కువైతే వారిదే గెలుపు. ఫ్రాన్సులో జరిగే టూర్ డి ఫ్రాన్సులో, అప్పటికి అందరికన్న తక్కువ కాలం తీసుకున్నవారు మర్నాడు పసుపుపచ్చ చొక్కా తొడుక్కుని తొక్కుతారు. ఆ చొక్కా కోసమే పోరాటమంతా.

ఈ పందెం మగవాళ్ళకు 1903లోనే మొదలయింది. ఆడవాళ్ళకో? 1955లో ఒకసారి చిన్న పందెం జరిపి ఊరుకున్నారు. 1984లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ ఏడు అమెరికాకు చెందిన మారియాన్ మార్టిన్ గెలిచింది. కొన్నేళ్ళకు అదీ ఆగిపోయింది. తరవాత వేరే పేర్లతో నడిచిన పందేలు కూడా నిలవలేదు. చివరకు 2022 జులై 24న పారిస్ లో ఐఫెల్ టవరు దగ్గర ఆడవాళ్ళ టూర్ డి ఫ్రాన్సు తిరిగి ప్రారంభమయింది. అప్పటినుంచి ఏటా జరుగుతున్నది.

ఇందులో ఎవరికి వారే తొక్కుతారనుకోకండి. ఒక్కొక్క జట్టులో ఆరుగురో ఏడుగురో ఉంటారు. వారిలో ఒకరు నాయకురాలు. మిగిలినవారు ఆమె ముందు నడిచి గాలిని కాస్తారు, నీళ్ళసీసాలు తెచ్చి ఇస్తారు, ఆమె చక్రం పాడైతే తమ చక్రం ఊడదీసి ఇస్తారు. గెలిచినప్పుడు పేపర్లో పేరు ఒక్కరిదే పడుతుంది. దాని వెనక ఆరుగురి చెమట ఉంటుంది.

“అంత లాభం గుంపులోనే ఉంటే, బుద్ధి ఉన్నవారెవరైనా దాన్ని వదిలి ఒంటరిగా పోతారా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దీనికి జవాబు మీకు తెలిసిన కథలోనే ఉన్నది.

ఒక రాజుగారు కోనేరు తవ్వించి, “రాత్రికి ఇంటింటికీ ఒక చెంబెడు పాలు తెచ్చి ఇందులో పొయ్యండి” అని చాటింపు వేయించాడట. ప్రతివాడూ, “ఊరందరూ పాలు పోస్తారు గదా, నేనొక్కడినీ నీళ్ళు పోస్తే ఎవరికి తెలుస్తుంది?” అనుకున్నాడు. తెల్లవారి చూస్తే కోనేటి నిండా నీళ్ళే!

సైకిలు గుంపులో జరిగేదీ ఇదే. ఒకామె ముందుకు దూకింది. ఆమెను పట్టుకోవాలంటే గుంపులో ఎవరో ఒకరు ముందుకు వచ్చి గాలి కాయాలి. ముందుకు వచ్చినవారు అలసిపోతారు, వారి వెనక హాయిగా వచ్చినవారు చివరలో వారినే దాటిపోతారు. అందుచేత ప్రతివారూ, “మరొకరు పోనీ, నేను వెనక ఉంటాను” అనుకుంటారు. పైగా, ముందుకు దూకినామె జట్టువాళ్ళు గుంపులో ఉంటారు గదా. వారు ముందు వరసల్లోకి వచ్చి కూర్చుంటారు గాని వేగం పెంచరు. తమ మనిషిని తామే ఎందుకు పట్టిస్తారు?

లెక్క వేసి చూద్దాం. పలక తీసుకోండి. పందెం శ్రీముఖలింగంలో, మధుకేశ్వరుడి గుడి ముందు ముగుస్తుందనుకోండి. ఒక పిల్ల గుంపును వదిలేసి 1,200 మీటర్లు ముందుకు పోయింది. గుడి ఆమెకింకా 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఒంటరి గనక ఆమె గంటకు 36 కిలోమీటర్లకన్న మించి తొక్కలేదు. వెనక గుంపు ఒకరి తరవాత ఒకరు గాలి కాస్తే గంటకు 40 కిలోమీటర్లు పోగలదు. ఎవరు గెలుస్తారు?

పిల్ల గుడి చేరటానికి సరిగా 20 నిమిషాలు, అంటే 1,200 సెకన్లు పడుతుంది. గుంపు పోవలసినది 13,200 మీటర్లు. దానికి 1,188 సెకన్లు చాలు. గుడి కనపడేచోట పాపం ఆ పిల్ల దొరికిపోతుంది.

కాని గుంపు మొదటి 3 నిమిషాలు, “నువ్వు ముందుపో, నువ్వు ముందుపో” అని ఒకరి మొహాలొకరు చూసుకుంటూ, గంటకు 36 కిలోమీటర్ల వేగంతోనే పోయిందనుకోండి. ఆ 180 సెకన్లలో 1,800 మీటర్లు పోతుంది. మిగిలిన 11,400 మీటర్లూ 40 వేగంతో పోవటానికి 1,026 సెకన్లు. మొత్తం 1,206 సెకన్లు. పిల్ల 6 సెకన్ల ముందు గుడి చేరి గెలుస్తుంది! చూశారా? ఆమె వేగం రవ్వంత కూడా పెరగలేదు. వెనకవారి తటపటాయింపే ఆమెను గెలిపించింది.

ఇది కాగితం మీది లెక్క అని తీసిపారెయ్యకండి. 2021 జులై 25న జపానులో టోక్యో ఒలింపిక్స్ ఆడవాళ్ళ రోడ్డు పందెంలో అచ్చంగా ఇలాగే జరిగింది. అది అంచెల పందెం కాదు, ఒక్క రోజు పందెం. అయినా ఒంటరి పరుగు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవటానికి అంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ఆ పందేనికి ఆస్ట్రియా దేశం నుంచి వచ్చినది ఒక్కతే మనిషి. పేరు అన్నా కీజెన్‌హోఫర్. గణితంలో డాక్టరు పట్టం పొంది, విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మనిషి. జీతమిచ్చి పోటీలకు పంపే జట్టు ఏదీ అప్పుడామెకు లేదు. తన శిక్షణ లెక్కలన్నీ తానే వేసుకున్నది. ఆమెకు పోటీగా నెదర్లాండ్సు నుంచి నలుగురు వచ్చారు. నలుగురూ జగమెరిగిన వీరులే. వారిలో ఇద్దరు అంతకుముందే ఒలింపిక్ బంగారు పతకం గెలిచినవారు. ఆస్ట్రియా గణితశాస్త్రజ్ఞురాలిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పందెం దూరం 137 కిలోమీటర్లు. జెండా ఊపగానే కీజెన్‌హోఫర్ ముందుకు దూకింది. మరి నలుగురు ఆమెతో కలిశారు. పెద్ద గుంపు, “పోనీ, తరవాత పట్టుకోవచ్చు” అని ఊరుకున్నది. ఒక దశలో వీరు పది నిమిషాలకు మించి ముందున్నారు. ఇంకా 41 కిలోమీటర్లున్నదనగా కీజెన్‌హోఫర్ తన తోటివారిని కూడా వదిలేసి ఒంటరిగా సాగిపోయింది.

ఒలింపిక్స్ లో చెవిలో రేడియో పెట్టుకోవటానికి వీలులేదు. ముందెవరున్నారో, ఎంత దూరాన ఉన్నారో గుంపులోవారు సరిగా తెలుసుకోలేకపోయారు. పందెం ముగియబోతుండగా, ముందు పోయినవారిలో చివరి ఇద్దరినీ పట్టుకుని, అందరినీ పట్టేశామనుకున్నారు. నెదర్లాండ్సుకు చెందిన ఆనెమీక్ వాన్ వ్లూటెన్ గుంపును దాటి వచ్చి, గీత దాటుతూ, తానే గెలిచాననుకుని చేతులు పైకెత్తింది. కాని 1 నిమిషం 15 సెకన్ల ముందే కీజెన్‌హోఫర్ ఆ గీత దాటేసింది!

ఇది వట్టి అదృష్టమేనంటారా? కాదు. వెనకవారు పొరపాటు పడటం అదృష్టమే కావచ్చు. కాని ఆ పొరపాటును వాడుకోవటానికి 41 కిలోమీటర్లు ఎదురుగాలిని ఒంటరిగా తోసుకుపోయిన కాళ్ళు మాత్రం అదృష్టం వల్ల వచ్చినవి కావు.

రెండో స్థానంలో వచ్చిన వాన్ వ్లూటెన్ సంగతి కూడా వినండి. ఆమె కుంగిపోలేదు. మర్నాటి ఏడు, 2022లో, ఆడవాళ్ళ టూర్ డి ఫ్రాన్సుకు వచ్చింది. అప్పటికామెకు 39 ఏళ్ళు. మొదటి రోజుల్లోనే కడుపు జబ్బు చేసి, తిండి సహించక, పందెం మానుకోవలసి వస్తుందేమోననిపించింది. అయినా ఓర్చుకున్నది. జులై 30న ఏడో అంచె వచ్చింది. ఆ రోజు దారిలో మూడు పెద్ద కొండలున్నాయి.

ఇక్కడ మరొక రహస్యం చెప్పాలి. కొండ ఎక్కేటప్పుడు సైకిళ్ళు నెమ్మదిగా పోతాయి. వేగం తగ్గితే గాలి అడ్డు ఇంకా ఎక్కువగా తగ్గుతుందని చెప్పుకున్నాం గదా. అక్కడ శత్రువు గాలి కాదు, భూమి ఆకర్షణ. మన బరువును మనమే పైకి మోసుకుపోవాలి. ముందువారి వెనక దాక్కున్నా భూమి లాగటం మానదు! అందుచేత గుంపు ఇచ్చే రక్షణ కొండల మీద అంతగా పనిచెయ్యదు. కొండలెక్కగల ధీరులు ఒంటరి పరుగుకు కొండనే ఎందుకు ఎంచుకుంటారో మీకిప్పుడు తెలిసి ఉంటుంది.

వాన్ వ్లూటెన్ మొదటి కొండ మీదనే వేగం పెంచింది. ఆమె దేశస్థురాలే అయిన డెమీ వోలరింగ్ ఒక్కతే ఆమె వెంట రాగలిగింది. రెండో కొండ మీద ఆమె కూడా వెనకబడింది. ఇంకా 60 కిలోమీటర్లకు పైగా దూరమున్నది. వాన్ వ్లూటెన్ ఆ దూరమంతా ఒంటరిగా తొక్కి, 3 నిమిషాల 26 సెకన్ల తేడాతో అంచె గెలిచింది. మర్నాడు చివరి అంచె కూడా గెలిచి, పసుపుపచ్చ చొక్కాతో పందెం ముగించింది.

ఇలాటి ఒంటరి పరుగులు ఎప్పుడూ ఫలిస్తాయనుకోకండి. చాలా మటుకు ఫలించవు. 2024లో జరిగినది చూడండి. ఆ ఏడు ఎనిమిది అంచెలు, సుమారు 950 కిలోమీటర్లు. మన డెమీ వోలరింగ్ పసుపుపచ్చ చొక్కా తొడుక్కుని ఉండగా, అయిదో అంచె చివరలో కింద పడిపోయింది. లేచి తొక్కింది గాని, నిమిషంన్నరకు పైగా నష్టపోయింది. చొక్కా పోలండుకు చెందిన కాషా నీవ్యాడోమాకు పోయింది. చివరి అంచెకు ముందు ఇద్దరికీ తేడా 1 నిమిషం 15 సెకన్లు.

ఆగస్టు 18న చివరి అంచె. ఆల్ప్స్ పర్వతాలలో, ఆల్ప్ డ్యూయెజ్ అనే కొండమీద ముగింపు. ఆ కొండ రోడ్డుకు 21 మలుపులు. వోలరింగ్ అంతకుముందు వచ్చే గ్లాండన్ కొండ మీదనే దూకింది. ఒక్కతే ఆమె వెంట రాగలిగింది. వెనక నీవ్యాడోమాకు, “మరొకరు పోనీ” అనుకునే వీలులేదు. పోయేది తన చొక్కా! ఆమె ఆఖరు మలుపు దాకా పట్టు విడవకుండా తొక్కింది. అంచె వోలరింగే గెలిచింది. నీవ్యాడోమా 61 సెకన్ల తరవాత వచ్చింది. అంచె గెలిచినవారికి బహుమానంగా 10 సెకన్లు తగ్గిస్తారు. ఇప్పుడు మీరే లెక్క కట్టండి. 75లో నుంచి 61 పోతే 14. అందులో 10 పోతే?

నాలుగు! ఇరవైనాలుగు గంటలకు పైగా తొక్కిన తరవాత, నాలుగంటే నాలుగు సెకన్ల తేడాతో నీవ్యాడోమా పందెం గెలిచింది. మగవాళ్ళ టూర్ డి ఫ్రాన్సులో కూడా ఇంత తక్కువ తేడా ఏనాడూ రాలేదు. అక్కడ అతి తక్కువ తేడా 8 సెకన్లు, 1989లో.

ఒంటరిగా దూకిన మనిషి ధైర్యం ఎంత గొప్పదో, వంతు తప్పించుకోకుండా గాలికెదురు నిలిచిన మనిషి పట్టుదల కూడా అంత గొప్పదే. ఓడిపోయేది ఎవరంటే, “ఇంకెవరో చేస్తారు” అని కూర్చున్నవారు. ఇది సైకిలు పందేలకే కాదు, మీ తరగతి గది ఊడవటానికి కూడా వర్తిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఒలింపిక్స్ లో మగవాళ్ళ సైకిలు పందేలు 1896 నుంచి ఉన్నాయి. ఆడవాళ్ళకు 1984 దాకా ఒక్కటీ లేదు. ఆడవాళ్ళ బరువులెత్తే పోటీని ఒలింపిక్స్ లో మొదటిసారి చేర్చినది 2000లో, సిడ్నీలో. ఆ తలుపు తెరవగానే లోపలికి పోయి, 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఎవరు? శ్రీముఖలింగం పోయే యాత్రికులు రైలు దిగే ఆమదాలవలసకు దగ్గర్లోని ఊసవానిపేట పిల్ల. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత స్త్రీ ఆమే. బలం మన పిల్లల్లో లేక కాదు, తలుపులు మూసి ఉండటం వల్లనే ఇంతకాలం ఆగింది. మీ అమ్మాయి సైకిలు అడిగితే, “ఆడపిల్లకెందుకు?” అనకండి. రేపు ఏ తలుపు తెరుచుకుంటుందో ఎవరికి తెలుసు?

ఇక ఈ నెల పరీక్ష. బండ్లు తిరగని మైదానం ఒకటి చూసుకోండి. పెద్దవారినొకరిని గడియారంతో నిలబెట్టండి. ముందు ఒక్కొక్కరే నాలుగు చుట్లు తొక్కి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. బాగా అలుపు తీర్చుకున్న తరవాత, నలుగురు వరసగా, చుట్టుకొకరు చొప్పున ముందుకు వస్తూ, మళ్ళీ నాలుగు చుట్లు తొక్కండి. రెండు లెక్కలూ పోల్చి చూడండి. ముందు సైకిలుకు ఒక సైకిలు పొడవు దూరం తప్పకుండా ఉంచండి. లారీల వెనక, బస్సుల వెనక మాత్రం గాలి చాటుకని ఎన్నడూ పోవద్దు! అవి హఠాత్తుగా ఆగితే ప్రాణానికే ముప్పు.

మరొక సంగతి కూడా గమనించండి. మీ నలుగురిలో తన వంతు రాగానే ముందుకు వచ్చినవారెవరు? వెనకనే ఉండిపోయి చివరి చుట్టులో దూకినవారెవరు? లెక్కల పుస్తకంలో రాయకపోయినా, అది మీకు గుర్తుండిపోతుంది.